పెదవి కలిసిన చోట: భానుమతి గారి పాట, నటన

(ఒంగోలులో ఇచ్చిన ప్రసంగం. సభకు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు, తల్లులకు, ముందు వరసలో కూర్చున్న సంగీతం పిల్లలకు నమస్కారం.

దొడ్డవరం నుంచి వచ్చినవాళ్లు ఎవరన్నా ఉన్నారా? చేతులెత్తండి. ఉన్నారు, వెనకాల ఉన్నారు. సంతోషం. మద్దిపాడు మండలం, ఇక్కడికి దగ్గరే గదా. భానుమతి గారు 1925 సెప్టెంబరు 7న పుట్టింది మీ ఊళ్లోనే. అప్పటికి ప్రకాశం జిల్లా లేదు. ఒంగోలు తాలూకా గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అందుకని పాత పుస్తకాల్లో గుంటూరు జిల్లా అని కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

ఇంకొకరున్నారు, నటి జి. వరలక్ష్మి గారు. ఆవిడ పుట్టిందీ ఒంగోలే. ఆవిడ చిన్నప్పుడే నాటకాల్లోకి వెళ్లి, రంగస్థలం మీద గొంతు సానబెట్టుకుని, తర్వాత 1940లో బారిస్టర్ పార్వతీశంతో తెర మీదికి వచ్చారు. భానుమతి గారిది వేరే దారి. తండ్రి బొమ్మరాజు వెంకట సుబ్బయ్య గారు సంగీతం తెలిసిన మనిషి, తొలి గురువు ఆయనే. ఇంట్లో నేర్చిన పాటతో నేరుగా కెమెరా ముందు నిలబడింది ఆ పిల్ల. ఒకరు నాటకం నుంచి, ఒకరు సంగీతం నుంచి. ఇద్దరూ తమ పాటలు తామే పాడుకున్నారు, ఇద్దరూ సినిమాలకు దర్శకత్వం వహించారు. ఒక్క తాలూకా నుంచి ఇద్దరు! ఈ సంగతి మన జిల్లా పిల్లలకు తెలియాలా, వద్దా?

ఇవాళ నేను మాట్లాడేది భానుమతి గారి గురించి. అందులోనూ ఒక్క విషయం గురించే. ఆవిడ పాట వేరు, నటన వేరు కాదు. రెండూ ఒకే ఊపిరితో జరిగిన పని. ఇది పొగడ్తకు అంటున్న మాట కాదు. చూపిస్తాను, మీరే చూడండి.

మొదటి సినిమా వరవిక్రయం, 1939. కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీ తీసింది, దర్శకుడు సి. పుల్లయ్య గారు. కథ కాళ్ళకూరి నారాయణరావు గారి నాటకం. కట్నం పీడ మీద రాసిన నాటకం, ఆంధ్రదేశమంతా ఆడింది. అందులో పెద్దకూతురు కాళింది. తన పెళ్లి కోసం తండ్రి పొలం అమ్ముకోవడం చూడలేక ప్రాణం తీసుకునే పిల్ల. ఆ వేషం భానుమతి గారిది. చెల్లెలు కమలగా పుష్పవల్లి, సింగరాజు లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. పద్నాలుగేళ్లు నిండలేదు ఆ అమ్మాయికి. చుట్టూ చూస్తే నాటకంలో పండిపోయినవాళ్లు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. నాటకం గొంతుకూ సినిమా గొంతుకూ తేడా ఏమిటి? అప్పట్లో నాటకానికి మైకు లేదు. చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి వినపడాలి. పద్యం ఎత్తుకున్న నటుడు తల పైకెత్తి, ఎడమకూ కుడికీ తిరిగి, మూడు వైపులకూ గొంతు పంచుతాడు. పాదం చివర రాగం లాగుతాడు. జనం వన్స్‌మోర్ అంటే మళ్లీ పాడతాడు. అదే మనిషిని తెచ్చి స్టూడియోలో మైకు కింద నిలబెడితే ఏమవుతుంది? తల తిప్పగానే చివరి అక్షరం మాయమవుతుంది. గొంతు ఎత్తగానే శబ్దం పగులుతుంది.

ఎందుకు పగులుతుంది? ఆ రోజుల్లో శబ్దాన్ని రికార్డు చేసింది టేపు మీద కాదు, ఫిలిం మీద. గొంతు కరెంటుగా మారి, కరెంటు వెలుగుగా మారి, ఫిలిం అంచున సన్నని గీతగా పడుతుంది. ఆ గీతకు హద్దు ఉంది. గొంతు మరీ పెద్దదైతే గీత హద్దు దాటుతుంది, పాట చిరిగినట్టు వినిపిస్తుంది. మరీ చిన్నదైతే ఫిలిం తాలూకు రొదలో కలిసిపోతుంది. పైగా, పాడిన వెంటనే విని చూసుకోవడానికి లేదు. ల్యాబుకు పంపాలి, కడగాలి, ప్రింటు వెయ్యాలి, అప్పుడు వినాలి. తప్పుంటే తుడిచి మళ్లీ రాయడానికి అది పలక కాదు గదా! ఫిలిం పోయినట్టే.

ఫిలిం లెక్క కూడా చెబుతాను, ఇది గుర్తుపెట్టుకోండి. 35 ఎంఎం ఫిలిం సెకనుకు 24 బొమ్మల చొప్పున నడుస్తుంది. నిమిషానికి 90 అడుగులు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. నాలుగు పాదాల పద్యాన్ని రాగం లాగి మూడు నిమిషాలు పాడితే 270 అడుగులు. చివరి పాదంలో అపశ్రుతి పడితే ఆ 270 అడుగులూ చెత్తబుట్టలోకి. నిర్మాత గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఊహించుకోండి.

ముప్పైల చివర రెండు పద్ధతులు పక్కపక్కనే నడిచాయి. ఒకటి, షూటింగులోనే పాడటం. కెమెరాకు కనపడకుండా హార్మోనియం, ఫిడేలు, తబలా వాళ్లు కూర్చుంటారు. ఫ్యాన్లు ఆపేస్తారు, లేకపోతే ఆ గాలి చప్పుడు మైకులో పడుతుంది. పైన లైట్ల వేడి. నటి ఒకవైపు నడవాలి, ఒకవైపు అభినయించాలి, ఒకవైపు శ్రుతి చూసుకోవాలి, మైకు ఎక్కడుందో మనసులో పెట్టుకోవాలి, మైకు నీడ మొహం మీద పడకుండా చూసుకోవాలి. రెండోది ప్లేబ్యాకు. ముందు పాటను విడిగా రికార్డు చేసి, షూటింగులో లౌడ్‌స్పీకర్ మీద వేస్తూ పెదవులు కలపడం.

ప్లేబ్యాకు స్థిరపడ్డాక ఏమైంది? పాట రాని అందగత్తె నటించవచ్చు, అందంతో పని లేకుండా గొప్ప గొంతు పాడవచ్చు. అది తప్పని నేను అనను. సుశీల గారి పాట, లీల గారి పాట మనకు దక్కింది ఆ దారినే. కానీ ఆ దారి వచ్చాక కూడా భానుమతి గారు తన పాత్రకు తనే పాడుకున్నారు. ఏళ్ల తరబడి, ఆ కాలం పోయాక కూడా. దానివల్ల తెర మీద కనిపించే తేడా ఏమిటి? ఇదే ఇవాళ్టి అసలు విషయం.

పిల్లలూ, తెలుగు వ్యాకరణంలో ఓష్ఠ్యాలు చదువుకున్నారా? ప, ఫ, బ, భ, మ. పెదవులు రెండూ కలిస్తే తప్ప పలకని అక్షరాలు. ఇప్పుడు అందరూ ఒకసారి మల్లె అనండి. పెదవులు కలిశాయా? కలవకుండా అనండి చూద్దాం. రాదు. పాటకు నటులు పెదవులు సరిగ్గా కలిపారో లేదో దొరికిపోయేది ఈ అక్షరాల దగ్గరే. క అన్నా, త అన్నా, ల అన్నా నోట్లో నాలుక ఏం చేస్తోందో ప్రేక్షకుడికి కనపడదు. మ దగ్గర పెదవి తెరిచి ఉంటే పల్లెటూరి ముసలమ్మ కూడా పట్టేస్తుంది. సెకనుకు 24 బొమ్మలని చెప్పానా? రెండు బొమ్మలు అటూ ఇటూ అయితే సెకనులో పన్నెండో వంతు. అంత చిన్న తేడా కూడా కన్నుకు తెలుస్తుంది.

ఇప్పుడు భానుమతి గారి పాటలు తీసుకోండి. మల్లీశ్వరి, 1951, బి.ఎన్. రెడ్డి గారు. మనసున మల్లెల మాలలూగెనే. మూడు మాటలు, మూడూ మతోనే మొదలు. మూడుసార్లు పెదవి కలవాలి, మూడుసార్లు మెత్తగా విడిపోవాలి. గట్టిగా విడిపోతే ఆ పాటలోని నిదానం చెడిపోతుంది. పిలచిన బిగువటరా. పి, బి. అక్కడ మెత్తదనం పనికిరాదు, అక్షరం చిటికె వేసినట్టు విడాలి. స్వర్గసీమలో ఓహో పావురమా. ఓ దగ్గర పెదవులు గుండ్రంగా తిరగాలి, పా దగ్గర కలిసి విచ్చుకోవాలి. పాడిన నోరే నటిస్తోంది కాబట్టి ఇవన్నీ ఆవిడకు లెక్కపెట్టుకుని చేసే పనులు కావు.

పెదవులు కూడా పెద్ద విషయం కాదండీ. సాధన చేస్తే ఎవరైనా కలపగలరు. కలపలేనిది ఊపిరి. మీరు పాడేటప్పుడు ఎక్కడో ఒకచోట ఊపిరి తీస్తారు. తీసినప్పుడు మెడ కింద గుంట లోపలికి పోతుంది, భుజం కొంచెం లేస్తుంది, కనురెప్ప కూడా ఒక్కోసారి కదులుతుంది. పాడింది ఒకరు, నటించింది ఒకరు అయితే పాటలో ఊపిరి ఒకచోట, మనిషిలో ఊపిరి ఇంకోచోట. ప్రేక్షకుడు ఇది తప్పు అని చెప్పలేడు, ఏదో అతకలేదు అనుకుంటాడు. దీర్ఘం దగ్గర చూడండి. పాట ఇంకా ఆకారంలో సాగుతోంది, తెర మీద నోరు ముందే మూసుకుంటుంది. మెడ నరం కదలదు. భానుమతి గారి పాటలో ఈ లోపం మీకు దొరకదు. రికార్డింగు రోజు ఎక్కడ ఊపిరి తీశారో షూటింగు రోజు కూడా అక్కడే తీస్తారు, ఎందుకంటే శరీరానికి ఆ దారి అలవాటైపోయింది.

స్వర్గసీమ అన్నాను గదా, 1945. అది కూడా బి.ఎన్. రెడ్డి గారిదే, వాహినీ వారిది. ఊళ్లమ్మట ఆడిపాడే సుబ్బి, పట్నం చేరి సుజాతాదేవి అనే నటి అవుతుంది, ఒకాయన సంసారం చెదిరిపోతుంది. నాగయ్య గారు కథానాయకుడు. ఆ పావురం పాట వెనుక బాలాంత్రపు రజనీకాంతరావు గారి చెయ్యి ఉంది. పడమటి దేశపు బాణీ వాసన ఉన్న పాట అది. శాస్త్రీయ సంగీతం నేర్చుకున్న ఇరవై ఏళ్ల అమ్మాయి దాన్ని గమకాలతో నింపకుండా, గొంతును జారవిడుస్తూ పాడింది. నేర్చుకున్నది చూపించకపోవడం నేర్చుకోవడం కంటే కష్టం. ఇక్కడున్న సంగీతం మాస్టార్లు నాతో ఏకీభవిస్తారనుకుంటాను.

మల్లీశ్వరి గురించి ఇంకొంచెం. కృష్ణశాస్త్రి గారు సినిమాకు పాటలు రాయడం దాంతోనే మొదలు. సంగీతం సాలూరి రాజేశ్వరరావు గారు, వాద్యగోష్ఠి అద్దేపల్లి రామారావు గారు. ఎన్టీ రామారావు గారు నాగరాజు. అందులో ఘంటసాల గారితో కలిసి బండి మీద పాడే పాట ఉంది, గిత్తల్ని పరుగు తీయమనే పాట. ఒంగోలులో కూర్చుని గిత్తల పాట తలచుకోకుండా ఎట్లా వెళ్తాం? ఆ పాటలో గొంతు పల్లెటూరి పిల్లది. అదే పిల్ల రాణివాసం చేరాక చిలకతో మాట్లాడుతూ ఎందుకే నీకింత తొందర అని పాడుతుంది. రెండూ వెంటవెంటనే వినండి. మొదటిదాంట్లో మాట చివర తేలిగ్గా పైకి లేస్తుంది. రెండోదాంట్లో మాట చివర లోపలికి పోతుంది. కథలో ఆ పిల్ల ఎంత మారిందో డైలాగు లేకుండానే తెలిసిపోతుంది. ఇంకొక గొంతు అరువు తెచ్చుకుని ఉంటే ఈ పని ఇంత పొందికగా కుదిరేదా? నాకు నమ్మకం లేదు.

భానుమతి గారు 1943లో కృష్ణప్రేమ సినిమాకు పని చేస్తున్న రామకృష్ణ గారిని ఆగస్టు 8న పెళ్లి చేసుకున్నారు. కొడుకు పేరు భరణి. ఆ పేరు మీదే భరణీ పిక్చర్స్, తర్వాత మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో. 1948లో రత్నమాల, 1949లో లైలా మజ్ను, 1954లో విప్రనారాయణ, 1961లో బాటసారి. చాలావాటికి దర్శకుడు రామకృష్ణ గారే. 1953లో చండీరాణికి మాత్రం ఆవిడే దర్శకురాలు. తెలుగు, తమిళం, హిందీ, మూడు భాషల్లో. అందులో ఆవిడవి రెండు పాత్రలు కూడా.

మూడు భాషల్లో తీయడమంటే ఏమిటో చెబుతాను, డబ్బింగు అనుకోకండి. ఒక భాషలో షాటు ఓకే కాగానే లైట్లు కదపకుండా అదే షాటు రెండో భాషలో, మళ్లీ మూడో భాషలో. తలలో పువ్వు వాడకూడదు, కొంగు మడత మారకూడదు. భాష మారితే మాట పొడుగు మారుతుంది. తెలుగులో మూడు అడుగులు వేసి ఆగితే మాట పూర్తవుతుంది, తమిళంలో నాలుగు అడుగులు పడతాయి. నాలుగో అడుగు వేస్తే మొహం లైటు దాటిపోతుంది. కాబట్టి నడక వేగం మార్చాలి.

ఇక ద్విపాత్రాభినయం. అప్పట్లో కంప్యూటర్లు ఎక్కడివి? లెన్సులో సగం మూసి ఒక పాత్రను తీస్తారు. ఫిలిం వెనక్కి తిప్పి, రెండో సగం మూసి రెండో పాత్రను తీస్తారు. ఈ రెంటి మధ్య కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్యలో గీత వణుకుతుంది. నటి చెయ్యి ఆ గీత దాటితే తెగిపోతుంది. అవతలి పాత్ర మాటకు ఎంతసేపు ఆగాలో మనసులో లెక్కపెట్టుకోవాలి, ఎందుకంటే ఎదురుగా ఎవరూ లేరు. ఇవన్నీ నటించేవాళ్లకు ఉండే తిప్పలు. ఆవిడ నటిస్తూ దర్శకత్వం చేశారు. వయసెంత? ఇరవై ఎనిమిదికి అటూ ఇటూ.

తరువాతి ఏడాది చక్రపాణి సినిమాకు సంగీతం కూడా ఆవిడే చేశారు. గొంతు తనది, బాణీ తనది, కంపెనీ తనది. అందువల్లే కొన్నిచోట్ల కాదు అనగలిగారు. మిస్సమ్మ సంగతి మీకు తెలిసిందే. మొదట ఆ వేషం భానుమతి గారిదే. కొంత షూటింగు కూడా అయింది. నిర్మాతతో పొసగలేదు, బయటికి వచ్చేశారు. సావిత్రి గారు ఆ పాత్ర చేశారు, 1955లో సినిమా వచ్చింది. దీన్ని ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అని మాట్లాడుకోవడం నాకు ఇష్టం లేదు. ఇద్దరూ మనకు కావలసినవారే. నేను చెప్పేది వేరు. మిస్సమ్మ చూస్తే సావిత్రి గారి పెదవులు, పి. లీల గారి గొంతు. అద్భుతంగా కలిశాయి! ప్లేబ్యాకు పద్ధతి ఎంత ఎత్తుకు పోగలదో అక్కడ చూడండి. వెంటనే విప్రనారాయణలో దేవదేవిగా భానుమతి గారి పాట చూడండి. రెండు పద్ధతులు, రెండు శిఖరాలు. ఒకదానితో ఒకటి కొలవకండి, కానీ తేడా చూడటం నేర్చుకోండి.

నాటకం మాట మళ్లీ వచ్చింది, చెప్పేస్తాను. 1956లో భరణీ వారు చింతామణి తీశారు. అదీ కాళ్ళకూరి వారి నాటకమే. మొదటి సినిమా వరవిక్రయం, సొంత కంపెనీలో చింతామణి, రెండూ ఒక్క కవివే. రంగస్థలం మీద చింతామణి అంటే స్థానం నరసింహారావు గారు, మగవాడు ఆడవేషం వేసి ఆంధ్రదేశాన్ని ఊపిన రోజులు. నాటకం తెల్లవార్లూ నడుస్తుంది, పద్యం తర్వాత పద్యం, జనం అడిగితే మళ్లీ అదే పద్యం. సినిమాకు ఆ తీరిక లేదు. ఇందాకటి లెక్కే, పద్యానికి 270 అడుగులు. పది పద్యాలు పెడితే దాదాపు మూడు రీళ్లు వాటికే పోతాయి. అంతసేపు కెమెరా మొహం మీద కూర్చోలేదు. పద్యాలు తగ్గిస్తే చింతామణి చిక్కిపోతుంది. ఎన్టీ రామారావు గారు బిల్వమంగళుడు, ఎస్వీ రంగారావు గారు, జమున గారు, ఇంతమంది ఉన్నా నాటకం అందుకున్న ఎత్తును సినిమా అందుకోలేదని నా అభిప్రాయం. అది నటుల లోపం కాదు, ఆ నాటకం ఒడ్డూపొడుగూ వేరు.

ఇక చివరి దశ. 1984, మంగమ్మగారి మనవడు, కోడి రామకృష్ణ గారు. ఆవిడకు అరవై దగ్గర పడుతున్నాయి. శ్రీసూర్యనారాయణా మేలుకో పాటలో వాణీ జయరాం గారి గొంతు పక్కన ఆవిడ గొంతు వినండి. వయసు వస్తే గొంతు బరువెక్కుతుంది, పై స్థాయి తగ్గుతుంది. చాలామంది ఆ పై స్వరం కోసం గొంతు బిగిస్తారు, బిగిస్తే వణుకు వస్తుంది. ఆవిడ బిగించరు. మామ్మ పాత్రకు మామ్మ గొంతుతోనే పాడతారు. దాపరికం లేదు. ఆ రోజుల్లోనే మద్రాసు సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా కూడా పనిచేశారు. పద్మశ్రీ 1966లో, పద్మభూషణ్ 2001లో. ఆవిడ రాసిన అత్తగారి కథలు మీ ఇళ్లలో ఉండే ఉంటాయి. లేకపోతే ఈ వేసవి సెలవుల్లో తెచ్చుకుని పైకి చదవండి, పైకి చదివితేనే ఆ మాట తీరు తెలుస్తుంది.

పిల్లలకు రెండు మాటలు, పోటీల్లో ఆవిడ పాటలు పాడుతుంటారు గనుక. ఎక్కువగా జరిగే తప్పు, ముక్కుతో పాడటం. ఆవిడ గొంతులో ముక్కు వైపు మోగే గుణం ఉంది, నిజమే. కానీ అది గుండె నిండా తీసిన ఊపిరి మీద కూర్చున్న మోగుడు. కింద ఊపిరి లేకుండా ముక్కు మాత్రం పట్టుకుంటే జలుబు చేసినట్టు ఉంటుంది. పరీక్ష చెబుతాను. పాడుతూ రెండు వేళ్లతో ముక్కు మూయండి. అ మీద, ల మీద గొంతు మారిపోతే మీరు ముక్కుతో పాడుతున్నట్టు. మ, న దగ్గర మారితే ఫరవాలేదు, అవి అనునాసికాలు. రెండో తప్పు, కరోకే ట్రాకు ఏ శ్రుతిలో ఉంటే ఆ శ్రుతిలో పాడేయడం. మీ శ్రుతికి దింపించుకోండి, సిగ్గుపడకండి.

సాధన ఇట్లా చెయ్యండి. ముందు పాటను పాడకుండా మాటగా చదవండి, నిదానంగా, పెదవి కలిసే ప్రతి అక్షరం కింద గీత గీసుకోండి. తర్వాత సినిమాలో ఆ పాటను శబ్దం లేకుండా చూడండి. ఆవిడ ఊపిరి ఎక్కడ తీసిందో మెడ చూసి పట్టుకోండి, అక్కడ చిన్న టిక్కు పెట్టండి. అప్పుడు శబ్దంతో వినండి. మీ టిక్కులు ఎన్ని సరిపోయాయో చూసుకోండి. మొదటిసారి సగం తప్పుతాయి. నాలుగోసారికి కుదురుతాయి. పాడటం ఆ తర్వాత.

ఇప్పుడే చేద్దామా? అమ్మాయీ, ఆ తెర దించు. ఫ్యాన్లు కూడా ఒక్క ఐదు నిమిషాలు ఆపండి బాబూ, వాళ్లు ఎట్లా పాడారో మనకు కొంచెం తెలియాలి. మల్లీశ్వరి పాట వేస్తున్నాం, మనసున మల్లెల. మొదటిసారి శబ్దం ఉండదు, బొమ్మ మాత్రమే. ముందు వరసలో పిల్లలందరికీ కాగితాలు అందాయా? పెన్సిలు తీసుకోండి. మెడ కింద చూడండి, పెదవులు తర్వాత.